జీబీఎస్ వచ్చి తగ్గినోళ్ళు మళ్ళీ హాకీ ఆడగలరా? నాకు జరిగింది చెప్తా

అక్కా, మీ ప్రశ్న నిన్న రాత్రే చూశా, రెండుసార్లు జవాబు టైప్ చేసి చెరిపేశా. మీ తమ్ముడికి ఇరవై ఏళ్ళు, యూనివర్సిటీ టీమ్‌లో హాకీ ఆడేవాడు, గులియన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్, ఒంట్లో రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసి కాళ్ళూ చేతులూ పడిపోయే జబ్బు) వచ్చి మూడు వారాలు ఐసీయూలో ఉన్నాడు, ఇంటికొచ్చి రెండు నెలలైంది, వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు, రోజూ గ్రౌండ్‌కి ఎప్పుడు పోవచ్చు అని అడుగుతున్నాడు. ఇంట్లో సగం మంది ఇంగ హాకీ మర్చిపో అంటున్నారు, సగం మంది ఆర్నెల్లలో ఆడేస్తావులే అంటున్నారు, నేను ఏది చెప్పాలి అని కదా మీరడిగింది. నేను డాక్టర్ని కాదు. కానీ నాది కూడా ఇదే ఆట, 2013లో ఇదే జబ్బు, అప్పుడు నా వయసు కూడా అంతే, ఒకటి అటూ ఇటూ. అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేస్తాడు, పట్టుచీరలు. మా వీధిలో పిల్లలకి క్రికెట్ బ్యాట్ కన్నా ముందు విరిగిపోయి తాడు చుట్టిన హాకీ స్టిక్ చేతికొచ్చేది. డిగ్రీ అనంతపురంలో, రోజూ ట్రైన్‌లో పోయి రావడం, ఫైనలియర్‌లో యూనివర్సిటీ టీమ్‌కి సెలెక్ట్ అయ్యా, లెఫ్ట్ హాఫ్, అంటే మధ్య వరుసలో ఎడమ పక్క ఆడేవాణ్ణి. ఆ సంక్రాంతికి ముందు సౌత్ జోన్ యూనివర్సిటీల టోర్నమెంట్ ఆడడానికి తమిళనాడు పోయాం, క్వార్టర్స్‌లో ఓడిపోయాం గానీ నేను బాగా ఆడా, మార్చిలో రైల్వే ట్రయల్స్ ఉన్నాయి రెడీగా ఉండు అని మా పీడీ సార్ (ఆటలు నేర్పే సార్) చెప్పినాడు. రైల్వే అంటే మాకు అప్పుడు ఉద్యోగం ఒక్కటే కాదు, ఇంట్లో మగ్గం మీద కూర్చోబెట్టకుండా తప్పించుకునే దారి.

తిరిగొచ్చే దారిలో ఎక్కడో తిన్నది పడలేదు, మా టీమ్‌లో నలుగురికి మోషన్స్. మూడు రోజుల్లో అందరికీ తగ్గింది, నాకూ తగ్గింది, దాన్ని మర్చిపోయా కూడా. తర్వాత తెలిసిందేంటంటే అక్కడే అసలు కథ మొదలైందట. క్యాంపైలోబ్యాక్టర్ అని ఒక బ్యాక్టీరియా, కలుషితమైన నీళ్ళల్లో, సరిగ్గా ఉడకని చికెన్‌లో ఉంటుంది, దాని పైపొర మన నరాల మీదుండే ఒక రకం కొవ్వు పదార్థంలాగే కనిపిస్తుందట, ఒంట్లో రక్షణ వ్యవస్థ దాన్ని తరిమి తరిమి కొట్టి, ఆ ఊపులోనే ఇంటి మనిషిని కూడా దొంగ అనుకుని కొట్టేస్తుంది. నా కేసులో అదేనని ఎవరూ టెస్ట్ చేసి తేల్చలేదు గానీ డాక్టర్లకి అనుమానం మాత్రం దాని మీదే. 2025 జనవరిలో పుణెలో ఒకేసారి అన్ని కేసులు వచ్చినప్పుడు కూడా నీళ్ళు బాగలేవు అన్నారు చూడండి, ఆ వార్త చూస్తుంటే నాకు ఆ బస్టాండ్ పక్క హోటల్లో స్టీల్ గ్లాసు గుర్తొచ్చింది. అందరికీ మోషన్సే ముందు రావాలని లేదు, కొందరికి జలుబు దగ్గు తర్వాత కూడా వస్తుంది. తాగిన ప్రతివాడికీ రాదు, ఏడాదికి లక్షలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఆ ఒక్కడివి నువ్వెందుకయ్యావు అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు.

నాకు మొదట తెలిసింది గ్రౌండ్‌లో కాదు, టీ కొట్టు దగ్గర. ప్రాక్టీస్ అయిపోయి హవాయి చెప్పులేసుకుని ఫ్రెండ్స్‌తో పోతున్నా, వెనకనుంచి ఒకడు "రేయ్ మామా, చెప్పు యాడ వదిలేసినావురా" అన్నాడు. చూసుకుంటే ఎడమ కాలి చెప్పు పది అడుగుల వెనక పడుంది. అది జారిపోయినట్టు నాకు తెలీనే లేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వా. మర్నాడు పొద్దున ప్రాక్టీస్‌లో సింపుల్ బాల్, కళ్ళు మూసుకుని ట్రాప్ చేసేది, స్టిక్ కిందనుంచి పోయింది. రెండోది కూడా పోయింది. పీడీ సార్ "ఏమప్పా, రాత్రి నిద్ర పోలేదా" అని అరిచినాడు. వేళ్ళ చివర్లలో చీమలు పాకుతున్నట్టు ఉండింది, చలికాలం కదా అదే అనుకున్నా. ఆ సాయంత్రం ట్రైన్ మెట్లు ఎక్కడానికి రెండు చేతులతో రాడ్ పట్టుకుని ఒంటిని పైకి లాక్కున్నా.

ఊర్లో మొదట చూపించిన చోట వీక్‌నెస్ అని బీ కాంప్లెక్స్ సూది వేసినారు. రెండో చోట నడుము డిస్క్ అన్నారు, స్టెరాయిడ్ ఇచ్చారు (ఈ జబ్బుకి స్టెరాయిడ్ మాత్రలు పని చెయ్యవని తర్వాత తెలిసింది). అమ్మేమో ఎవరిదో కన్ను పడిందని దిష్టి తీసి, పెనుకొండ బాబయ్య దర్గాకి మొక్కుకుని తాయెత్తు కట్టింది. నాలుగు రోజులు అట్లా పోయినాయి. ఐదో రోజు మంచం మీదనుంచి లేవలేకపోయా, చేతులు కూడా పోయినాయి, నాయన, మా చిన్నాయన నన్ను మూటలాగా ఎత్తి కార్లో పడుకోబెట్టి బెంగళూరు తీసుకుపోయారు. ఇది చదివే వేరేవాళ్ళ కోసం కూడా చెప్తున్నా, రెండు కాళ్ళలో ఒకేసారి బలం తగ్గుతూ రోజురోజుకీ పైకి పాకుతుంటే అది వీక్‌నెస్ కాదు, డాక్టర్ మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగరకపోతే ఇంగ ఒక్క రోజు కూడా ఆగొద్దు, న్యూరాలజిస్ట్ ఉన్న పెద్దాసుపత్రికే పోవాలి, మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది.

అక్కడ డాక్టర్ చేసిన మొదటి పరీక్ష నాకు ఇప్పటికీ గుర్తు. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒక్క ఊపిరిలో ఒకటి రెండు మూడు అని ఎంతవరకు లెక్కపెట్టగలవో లెక్కపెట్టు అన్నాడు. అచ్చం కబడ్డీ కూత లాగా. నేను డెబ్బై నిమిషాల మ్యాచ్ (అప్పట్లో 35, 35 రెండు హాఫ్‌లు, ఈ నాలుగు క్వార్టర్లు తర్వాత వచ్చినాయి) మొత్తం పరిగెత్తేవాణ్ణి, ఇదేం పరీక్షరా అనుకున్నా. ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయా. సాయంత్రానికి ఇరవై రెండు. మర్నాడు పొద్దున పద్నాలుగు అనేసరికి నర్సు పరిగెత్తింది. ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోతున్నాయన్నమాట. వెంటిలేటర్ మీద తొమ్మిది రోజులున్నా, దాని గురించి పెద్దగా రాయను, మీ తమ్ముడికి తెలుసు, మీరు అడక్కపోతేనే మంచిది, చెప్పాలనిపించినప్పుడు వాడే చెప్తాడు. ఒక్కటి మాత్రం చెప్తా, కనురెప్పలు కూడా మూతపడక టేప్ అతికించేవాళ్ళు, కానీ లోపల మెలకువ పూర్తిగా ఉంటుంది, చుట్టూ ఎవరేం మాట్లాడినా వినిపిస్తుంది. నా మంచం పక్కన నిలబడి మా బంధువు ఒకాయన "ఇంగ వీడు పనికిరాడు" అన్న మాట నేను విన్నా. ఆయన ఇప్పటికీ పండక్కి మా ఇంటికొస్తాడు.

మందు సంగతి. ఐవీఐజీ అని ఒకటుంది, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, ఒంటి బరువుని బట్టి లెక్క, అరవై కిలోల మనిషికి ఐదు రోజులకి కలిపి 120 గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు 24. ఆ రేటు వినగానే నాయన బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడట. అప్పుడు డాక్టరే చెప్పినాడు, ప్లాస్మా మార్చే పద్ధతి కూడా ఉంది, అది కూడా ఇంతే పని చేస్తుంది, ఖర్చు తక్కువ అని. రోజు మార్చి రోజు ఐదు సార్లు చేశారు. మెడ దగ్గర ట్యూబ్ పెట్టి రక్తం బయటికి లాగి, అందులో పసుపునీళ్ళ రంగులో ఉండే ప్లాస్మా వేరే సంచిలోకి పోతుంది, ఎర్రది మాత్రం వెనక్కి వస్తుంది. ఆ పచ్చటి సంచి నిండడం చూస్తూ దాంట్లోనే నా జబ్బంతా పోతుందనుకున్నా.

ఇంగ మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. నరాల పరీక్ష (నర్వ్ కండక్షన్) రిపోర్ట్ వచ్చాక డాక్టర్ మా నాయనకి వివరిస్తున్నాడు, మయలిన్ (నరం పైన చుట్టుకునుండే పొర), ఆక్సాన్ (లోపలి పోగు) అని. నాయనకి ఇంగ్లీష్ రాదు. కాసేపు విని "సార్, జరీ పోగులో లోపల పట్టు దారం ఉంటాది, దాని పైన వెండి తీగ చుట్టింటారు. ఇప్పుడు మావోడికి పైన చుట్టు ఊడిందా, లోపల దారమే తెగిందా?" అని అడిగినాడు. డాక్టర్ ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదట. తర్వాత "మీవాడికి దారం కూడా తెగింది" అన్నాడట. అంతే, ఇంతకంటే బాగా నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చుట్టు మాత్రమే ఊడితే అది వారాల్లో నెలల్లో మళ్ళీ చుట్టుకుంటుంది, చాలామంది పూర్తిగా తేరుకునేది వీళ్ళే. లోపల దారం తెగితే అది మళ్ళీ మొలవాలి, రోజుకి సుమారు ఒక మిల్లీమీటర్ చొప్పున. నడుము నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే లెక్కేసుకోండి, ఏళ్ళు పడుతుంది, అది చేరేలోపల కింద కండ ఎండిపోతుంది. అందుకని ముందు మీరు చెయ్యాల్సింది మీ తమ్ముడి రిపోర్ట్ తీసుకుని న్యూరాలజిస్ట్ దగ్గర ఇది ఏ రకం అని సూటిగా అడగడం. మొదటి వారంలో తీసిన రిపోర్ట్ అయితే అందులో సరిగ్గా తెలీకపోవచ్చు, మళ్ళీ తియ్యాలేమో కూడా అడగండి. ఈ సంగతి తెలీకుండా ఆర్నెల్లు అన్నా, ఎప్పటికీ కాదు అన్నా రెండూ గాల్లో మాటలే.

నాకు హాస్పిటల్లో అందరూ ఒక లెక్క చెప్పేవాళ్ళు, ఆర్నెల్లకి పదిమందిలో ఎనిమిది మంది దాకా ఎవరి సాయం లేకుండా నడుస్తారు అని. నిజమే, నేను కొంచెం ఆలస్యంగా ఎనిమిదో నెలలో నడిచా. కానీ ఆ లెక్క నడక గురించి, హాకీ గురించి కాదు. డాక్టర్ నోట్లో తగ్గింది అనే మాటకీ, పీడీ సార్ నోట్లో ఫిట్ అనే మాటకీ మధ్య చానా దూరం ఉంటుంది, ఆ మధ్యలోనే మేము ఇరుక్కుపోయేది. మా ఫ్రెండ్ ఒకడు మార్కస్ బాబెల్ గురించి పేపర్ కటింగ్ తెచ్చిచ్చినాడు, లివర్‌పూల్ ఫుట్‌బాల్ ప్లేయర్, 2001లో ఇదే జబ్బు వచ్చి నడవలేని స్థితికి పోయి మళ్ళీ ఆడి, 2007లో స్టుట్‌గార్ట్‌తో జర్మన్ లీగ్ గెలిచినాడు. ఆ కాగితం మంచం పక్కన గోడకి అతికించుకున్నా. మొదట్లో బాగా పని చేసింది, ఏడాది దాటాక దాన్ని చూస్తే కోపమొచ్చేది, ఆయన కష్టపడ్డాడు కాబట్టి వచ్చింది నేను పడలేదు కాబట్టి రాలేదు అన్నట్టు. కష్టానికీ దానికీ సంబంధం కొంతే, తెగిన దారం ఏదన్నదే ముఖ్యం. మీరూ ఇలాంటి కథలు చూపించేటప్పుడు కొంచెం చూసుకోండి.

(ఊరికే గుర్తొచ్చింది, 1916లో ఫ్రాన్స్‌లో ఇద్దరు సైనికులకి వస్తే ముగ్గురు డాక్టర్లు కలిసి దీని గురించి రాశారు, గులియన్, బారే, స్ట్రోల్. మూడో ఆయన పేరు జబ్బు పేరులోంచి ఎగిరిపోయింది, బెంచీ మీద సబ్‌స్టిట్యూట్ పేరు పేపర్లో రానట్టు.)

మీ తమ్ముడి గురించి నాకు ఎక్కువ భయం వేరే ఉంది. మేం ప్లేయర్లం, నొప్పి వస్తే ఇంకో పది కొట్టు అని నేర్పినారు మాకు. ఫిజియో పది సార్లు చెయ్యమంటే నేను రాత్రి అందరూ పడుకున్నాక గోడ పట్టుకుని దొంగచాటుగా ఇంకో ముప్పై గుంజీళ్ళు తీసేవాణ్ణి. మర్నాడు కాళ్ళు కదిలేవి కావు, రెండు మూడు రోజులు వెనక్కి పోయేవి. ఈ జబ్బులో అలిసిపోయిన నరాన్ని తోమితే బలం రాదు, ఇంకా పడిపోతుంది. ఆ అలసట కూడా మామూలు అలసట కాదు, పదమూడేళ్ళ తర్వాత ఇప్పటికీ నాకు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ ఛార్జింగ్ అయిపోయినట్టు అవుతుంది. వాడు రాత్రిపూట ఏం చేస్తున్నాడో కొంచెం గమనించండి, తిట్టకుండా.

అమ్మ ఒకరోజు నా అరచేతిలో హాకీ బాల్ పెట్టింది, నాలుగో నెల అనుకుంటా. బాల్ బరువు ఎంత, 160 గ్రాములు. చెయ్యి మంచం మీద ఆనించి పెట్టింది, వేళ్ళు మూసుకోలేదు, బాల్ మెల్లగా దొర్లి దుప్పటి మీదికి పోయింది. అమ్మ తీసి మళ్ళీ పెట్టింది. అట్లా రోజూ పెట్టేది, కూరగాయలు తరుగుతూ, టీవీ చూస్తూ. చిటికెన వేలు ముందు కదిలింది, తర్వాత మిగతావి. కుడి చెయ్యి బాగానే వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు, బొటనవేలు కింద కండ ఇప్పటికీ గుంటగా ఉంటుంది. హాకీ తెలీనోళ్ళు అదృష్టం, కుడి చెయ్యే కదా కావాల్సింది అన్నారు. హాకీలో ఎడమచేతి వాటం స్టిక్ ఉండదు, అందరిదీ ఒకటే, స్టిక్ పైన పట్టుకుని తిప్పేది ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కింద ఊరికే గొట్టం లాగా పట్టుకుంటుంది అంతే. ఎడమ చెయ్యి పోతే రివర్స్ స్టిక్ (స్టిక్ తిప్పి ఎడమ పక్క వచ్చే బాల్ ఆడడం) పోయినట్టే, రివర్స్ స్టిక్ లేని లెఫ్ట్ హాఫ్ ఎందుకు?

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఒప్పుకోలేదు. 2014 ఎండాకాలంలో గ్రౌండ్‌కి పోయా, ఎడమ పాదం వేలాడకుండా షూలో ప్లాస్టిక్ స్ప్లింట్ పెట్టుకుని. పీడీ సార్ జూనియర్ పిల్లలతో పది నిమిషాలు ఆడమన్నాడు. నా ఎడమ పక్కకి బాల్ వచ్చింది, కంటికి కనపడింది, ఏం చెయ్యాలో తెలుసు, స్టిక్ తిరిగేలోపల బాల్ లైన్ దాటిపోయింది. సరేలే ఏడాది తర్వాత మొదటి రోజు కదా అనుకున్నా. మూడు వారాలు రోజూ పోయా. ఒకరోజు గమనించా, పిల్లలు నాకు పాస్ ఇచ్చేటప్పుడు మాత్రం మెల్లగా కొడుతున్నారు. ఒకరికొకరు గట్టిగా కొట్టుకుంటున్నారు, నా వైపు వచ్చేసరికి బాల్ నడుచుకుంటూ వస్తోంది. పదిహేడేళ్ళ పిల్లోళ్ళు, ఎవరూ వాళ్ళకి చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే. నేను కూడా ఏమీ అనలేదు, ఆ పూట పూర్తిగా ఆడి, షిన్‌గార్డ్స్ విప్పి, అందరికీ సోడాలు తాగించి ఇంటికొచ్చా. మర్నాటి నుంచి పోలేదు.

ఇంగ ఆడలేను అన్న సంగతి నాకంటే ముందు ఇంట్లోవాళ్ళు చెప్పుంటే జీవితాంతం వాళ్ళ మీద కోపం ఉండేది, మీరు ఆపినారు కాబట్టి ఆడలేదు అని. అట్లాగే తప్పకుండా ఆడతావు అని రోజూ అని ఉంటే ఆ రోజు ఇంటికొచ్చి వాళ్ళ మొహం చూడలేకపోయేవాణ్ణి. నాయన రెండూ అనలేదు. ఆ సాయంత్రం షూ విప్పుతుంటే మగ్గం దగ్గరనుంచే "అన్నం తిన్యావా" అన్నాడు, అంతే. అందుకే అక్కా, మీరడిగిన రెండిట్లో ఏదీ చెప్పొద్దండి. ఎప్పుడు పోవచ్చు అంటే డాక్టర్ సరే అన్న రోజు నేనే తీసుకుపోతా అనండి, నిజంగా తీసుకుపోండి, లైన్ బయట కుర్చీ వేసి కూర్చోబెట్టినా సరే. మిగతాది గ్రౌండే చెప్తుంది వాడికి, అవుననో కాదనో. వాడి స్టిక్ మాత్రం అటక మీదికి ఎక్కించొద్దు, బాధపడతాడని మా అమ్మ అట్లాగే దాచిపెట్టింది, దాన్ని వెతుక్కుంటూ నేను స్టూల్ మీద నుంచి పడ్డా.

నా సంగతంటారా, రెండేళ్ళు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, అది దాచను. తర్వాత పరీక్షలు రాసి 2019లో సచివాలయంలో ఉద్యోగం వచ్చింది. జిల్లా టోర్నమెంట్లప్పుడు టేబుల్ దగ్గర కూర్చుని స్కోర్ షీట్ రాస్తా, మొదట్లో కడుపు మండేది, ఇప్పుడు కొన్ని రోజులే మండుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి పోయి ఏటిమార్పు రజని ఇండియాకి గోల్ కీపింగ్ చేస్తుంటే టీవీ ముందు కూర్చుని మా పాపకి చూపించేవాణ్ణి.

అన్నట్టు మీ తమ్ముడు ఏ పొజిషనో రాయలేదు మీరు. ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నాడా? పాదం పైకి ఎత్తగలుగుతున్నాడా? ఆ రెండూ, నరాల రిపోర్ట్‌లో ఏ రకం అని రాశారో కింద కామెంట్‌లో పెట్టండి. వాడికిష్టమైతేనే నాతో మాట్లాడించండి, ఆదివారం ఎప్పుడైనా పర్లేదు, మూడింటి లోపల అయితే బాగా మాట్లాడతా.